దాచినవి బెలూన్లు, గూఢచారి విమానాలు: ‘గ్రహాంతరవాసుల రాకను అమెరికా సైన్యం ఒప్పుకుంది’ అన్న వాదనకు ఖండన

అమెరికా వైమానిక దళం రెండు దశాబ్దాలకు పైగా గుర్తుతెలియని ఎగిరే వస్తువుల మీద దర్యాప్తు జరిపి, వాటిలో 701 ఏమిటో తేల్చలేక చేతులెత్తేసిందనీ, 1947లో న్యూ మెక్సికోలో కూలిన వాహనాన్ని దాచేసి పూటకో మాట చెప్పిందనీ, 2020లో పెంటగాన్ స్వయంగా వీడియోలు విడుదల చేసిందనీ, 2023లో ఆ దేశపు మాజీ గూఢచార అధికారి ఒకరు కాంగ్రెస్ ఎదుట ప్రమాణం చేసి మరీ గుట్టు విప్పారనీ, కాబట్టి గ్రహాంతరవాసుల రాకను ఆ సైన్యం ఒప్పుకున్నట్టేననీ ఒక వాదన తెలుగులో చాలా కాలంగా ప్రచారంలో ఉంది. ఇందులో పేర్కొన్న సంఘటనలు కల్పితాలు కావు. దర్యాప్తు జరిగింది, 701 అనే అంకె నిజమైనదే, సైన్యం అబద్ధమాడిన సందర్భాలూ ఉన్నాయి. అయితే ఆ సంఘటనల నుంచి లాగిన ముగింపు మాత్రం ఆ ఫైళ్లకే విరుద్ధం. సైన్యం ఏదో దాచిందన్న అనుమానం సరైనదే. అది దాచినది తన సొంత బెలూన్లనూ, తన సొంత విమానాలనూ. ఈ తేడాను ఆధారాలతో చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే 701తో మొదలుపెడదాం. 1947 జూన్ 24న వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తొమ్మిది వస్తువులు వేగంగా పోవడం చూశానని చెప్పాక ‘ఎగిరే పళ్లాలు’ అన్న మాట పత్రికల్లోకి ఎక్కింది. ఆ తరువాత వైమానిక దళం మొదట సైన్, పిమ్మట గ్రడ్జ్, 1952 నుంచి బ్లూబుక్ అనే పేర్లతో ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరం నుంచి ఈ నివేదికలను పరిశీలించింది. 1969 డిసెంబరులో ఆ పని ముగిసేనాటికి నమోదైనవి 12,618, గుర్తించలేనివిగా మిగిలినవి 701, అంటే నూటికి ఐదున్నర. అంతవరకే చెప్పి ఆపేస్తే అంకె గంభీరంగా కనిపిస్తుంది. వైమానిక దళమే ప్రచురించిన సంవత్సరాల వారీ పట్టికను పక్కన పెట్టుకుని చూస్తే అదే అంకె వేరే కథ చెబుతుంది.

ఆ 701లో 303 ఒక్క 1952వ సంవత్సరానివే. ఆ ఏడాది 1,501 నివేదికలు వచ్చాయి, వాటిలో ఐదింట ఒక వంతు గుర్తించలేనివిగా మిగిలాయి. ఐదేళ్ల తరువాత, 1957లో, 1,006 నివేదికలు వస్తే గుర్తించలేనివి 14 మాత్రమే, అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు. 1966లో 1,112కు 32. ఆకాశంలో తిరిగే అజ్ఞాత వాహనాలే ఈ అంకెకు కారణమైతే, నివేదికల సంఖ్య వెయ్యి దాటిన రెండు వేర్వేరు ఏళ్లలో వాటి వాటా ఇరవై శాతం నుంచి ఒకటిన్నర శాతం లోపుకు ఎలా పడిపోయింది? 1952 జూలైలో రెండు వారాంతాల రాత్రులు వాషింగ్టన్ జాతీయ విమానాశ్రయపు రాడార్ తెరల మీద గుర్తుతెలియని చుక్కలు కనిపించి, దేశమంతా ఆ వార్తే అయి, జూలై 29న మేజర్ జనరల్ జాన్ శాంఫర్డ్ పెంటగాన్‌లో విలేఖరుల సమావేశం పెట్టి, కింద చల్లగాలి మీద వేడిగాలి పొర ఏర్పడినప్పుడు రాడార్ తరంగాలు వంగి లేని వస్తువులను చూపించగలవని వివరించవలసి వచ్చింది. అటువంటి ఉద్వేగంలో వరదలా వచ్చిపడిన నివేదికలను కొద్దిమంది సిబ్బంది చూశారు. తరువాతి ఏళ్లలో వాటా తగ్గడానికి కారణం దర్యాప్తు మెరుగుపడటం ఒక్కటే కాదు. ‘బహుశా బెలూన్’, ‘బహుశా విమానం’ అని రాసినవాటిని కూడా తేలిన ఖాతాలో వేసే అలవాటు పెరిగింది. ఇది బ్లూబుక్ లోపమేనని నేను నిస్సంకోచంగా చెబుతాను. కానీ ఆ లోపం వల్ల తేలేది ఏమిటంటే, గుర్తించలేనివాటి సంఖ్య దర్యాప్తు చేసినవారి పద్ధతిని బట్టి పెరిగిందీ తగ్గిందీ. ఆకాశంలో ఏముందన్నదానికి దాన్ని కొలమానంగా పట్టుకోవడం కుదరదు.

దీనికి తెలిసినవారు ఇచ్చే బదులు ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. బ్యాటెల్ సంస్థ గణాంక నిపుణులు వైమానిక దళం కోసం 1947 నుంచి 1952 చివరి వరకు వచ్చిన 3,201 నివేదికలను విశ్లేషించారు. అది 1955లో పద్నాలుగో ప్రత్యేక నివేదికగా వెలువడింది. అందులో ‘ఉత్తమం’గా లెక్కించిన నివేదికల్లో దాదాపు మూడో వంతు గుర్తించలేనివి కాగా, నాసిరకం వాటిలో ఆ వాటా అందులో సగం దగ్గర మాత్రమే ఉంది. సాక్ష్యం మెరుగయ్యేకొద్దీ రహస్యం పెరుగుతోంది కదా అన్నది ప్రశ్న. ఆ వర్గీకరణ ఎలా చేశారో చూస్తే జవాబు దొరుకుతుంది. వివరాలు చాలనివాటికి ‘సమాచారం సరిపోదు’ అని వేరే గడి ఉంది. వివరాలు తగినంత ఉండి, తెలిసిన దేనితోనూ సరిపోలనివాటినే ‘గుర్తించలేనివి’ అన్నారు. నాసిరకం నివేదికల్లో కొంత భాగం ముందే ఆ వేరే గడిలోకి వెళ్లిపోయాక, మిగిలిన గడిలో మంచి నివేదికలు ఎక్కువగా కనిపించడం ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉన్న ఫలితం. పైగా ఆ 3,201లో ఎక్కువ భాగం 1952వ ఏటివే. ఆ నివేదిక కూడా, నాటి శాస్త్ర పరిజ్ఞానానికి అందని సాంకేతికత ఇందులో ఉండే అవకాశం చాలా తక్కువ అనే తేల్చింది.

బ్లూబుక్ ముగింపు ప్రకటన మూడు విషయాలు చెప్పింది: దేశ భద్రతకు ముప్పు కనబడలేదు, నేటి శాస్త్రానికి అతీతమైన సాంకేతికత కనబడలేదు, గుర్తించలేనివి గ్రహాంతర వాహనాలు అనడానికి ఆధారం లేదు. 701 అనే అంకెను ఆ ప్రకటన నుంచే తీసుకుని, దాని పక్కనే ఉన్న మూడో వాక్యాన్ని వదిలేయడం న్యాయం కాదు. వైమానిక దళం మాట నమ్మదగినది కాదనుకుంటే 701ని కూడా నమ్మకూడదు.

బ్లూబుక్‌కు ఖగోళ సలహాదారుగా ఉన్న అలెన్ హైనెక్ ఎదురు తిరిగిన సంగతిని కూడా సాక్ష్యంగా చూపుతారు. 1966 మార్చిలో మిషిగన్‌లో కనిపించిన వెలుగులకు చిత్తడి నేలల వాయువు కారణమని ఆయన చెప్పి అభాసుపాలైన మాటా, తరువాత బ్లూబుక్‌ను తీవ్రంగా విమర్శించి 1973లో సొంత అధ్యయన కేంద్రం పెట్టుకున్న మాటా నిజమే. ఆయన ఫిర్యాదు దర్యాప్తు శాస్త్రీయంగా జరగలేదన్నది. ఏదో వాహనాన్ని దొంగచాటుగా దాచారని ఆయన సాక్ష్యమివ్వలేదు.

ఇక న్యూ మెక్సికోలో కూలిందని చెప్పే ‘వాహనం’, అంటే రోజ్‌వెల్ ఉదంతం. 1947 జూలై 8న రోజ్‌వెల్ సైనిక వైమానిక స్థావరం ‘ఎగిరే పళ్లెం’ దొరికిందని పత్రికా ప్రకటన ఇచ్చింది. కొన్ని గంటల్లోనే ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ రోజర్ రేమీ అది వాతావరణ బెలూన్ అన్నారు. 1994లో వైమానిక దళం అది మోగల్ అనే రహస్య పథకానికి చెందిన సామగ్రి అంది. 1997లో మరో నివేదిక, జనం చెప్పుకునే ‘శవాలు’ విమానాల నుంచి, బెలూన్ల నుంచి పడవేసిన పరీక్ష బొమ్మలు కావచ్చంది. ఇన్నిసార్లు మాట మార్చినవారిని ఎలా నమ్మాలన్నది ప్రచారకుల ప్రశ్న, అది అడగవలసిన ప్రశ్నే.

మాట మార్చారన్నది వాస్తవం కాబట్టి, మొదట ఏం దొరికిందో చూడాలి. కరోనా అనే ఊరి దగ్గరి పశువుల క్షేత్రంలో శకలాలను చూసిన బ్రేజెల్ అనే కాపరి స్థానిక పత్రికకు చెప్పిన వివరాలు జూలై 9నాటి అచ్చులో ఉన్నాయి. రబ్బరు పీలికలు, వెండిరంగు రేకు, గట్టి కాగితం, పుల్లలు, పూల బొమ్మలున్న అంటుపట్టీ, అన్నీ కలిపి సుమారు ఐదు పౌండ్ల బరువు, అంటే రెండు కిలోల పైచిలుకు. ఇంజను లేదు, లోహపు దేహం లేదు. ఇప్పుడు న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం ఆ వేసవిలో దగ్గర్లోని అలమగోర్డో నుంచి వదిలిన మోగల్ దండలను తీసుకోండి. రబ్బరు జాతి బెలూన్లను వరుసగా ఒకే తాడుకు కట్టి, వందల అడుగుల పొడవున వేలాడదీసి, కింది నుంచి రాడార్‌తో కనిపెట్టడానికి బాల్సా పుల్లలకు రేకు అద్దిన కాగితాన్ని అతికించిన ప్రతిఫలకాలు కట్టేవారు. ఆ ప్రతిఫలకాలను బిగించిన పట్టీ మీద పూల వంటి ముద్రలు ఉండేవని ఆ పథకంలో పనిచేసినవారు చెప్పారు. కాపరి ఏరిన చెత్త జాబితాకూ ఈ సామగ్రి జాబితాకూ ఉన్న పోలిక కాకతాళీయం అని నేననుకోలేను.

మోగల్ లక్ష్యం, సోవియట్ యూనియన్ అణుబాంబు పేలిస్తే ఆ శబ్ద తరంగాలను పై వాతావరణంలో పట్టుకోవడం. సోవియట్లు 1949 ఆగస్టులో తొలి బాంబు పేల్చారు. 1947లో ఆ పథకం గుట్టు బయటపడకూడదు. అందుకే ‘వాతావరణ బెలూన్’ అన్నారు. అది అసత్యం, దాని మూల్యం ఆ సంస్థ ఇప్పటికీ చెల్లిస్తోంది. 1997 నాటి బొమ్మల వివరణ కూడా నా దృష్టిలో బలహీనమైనదే. ఆ బొమ్మలను పడవేసినది 1953 తరువాత. 1947 సంఘటనను గుర్తుచేసుకునే వ్యక్తి ఆరేళ్ల తేడాను కలిపేసుకున్నాడని అనుకోవాలి. కాకపోతే శవాల కథ 1947లో ఎవరూ చెప్పినది కాదు, దశాబ్దాల తరువాత పుట్టినది. దానికి వివరణ దొరకకపోయినా శకలాల వివరణకు వచ్చే లోటేమీ లేదు.

ఈ వాదనలో చాలా బరువుగా వాడే మరో పత్రం, 1947 సెప్టెంబరు 23న వైమానిక సామగ్రి విభాగాధిపతి లెఫ్టినెంట్ జనరల్ నేథన్ ట్వైనింగ్ రాసిన లేఖ. ‘నివేదించిన విషయం వాస్తవమైనదే, భ్రమ కాదు’ అన్న దాని వాక్యం అన్ని వీడియోల్లోనూ కనిపిస్తుంది. రోజ్‌వెల్ జరిగి అప్పటికి రెండున్నర నెలలు. కూలిన వాహనం దొరికి ఉంటే దాన్ని విప్పి పరీక్షించవలసిన విభాగం ట్వైనింగ్‌దే. అదే లేఖలో కొంచెం కిందికి వస్తే, ఈ వస్తువుల ఉనికిని కాదనలేని విధంగా రుజువుచేసే, కూలినచోట దొరికిన భౌతిక ఆధారాలు లేవన్న సంగతిని పరిగణనలోకి తీసుకోవాలని ఆయన రాశారు. అది రహస్య లేఖ, ప్రజలను మభ్యపెట్టడానికి రాసినది కాదు. దాని మొదటి భాగాన్ని నమ్మి, రెండో భాగాన్ని చూపించకపోవడం ఈ ప్రచారంలో నన్ను ఎక్కువగా బాధించే విషయం.

సైన్యం తన వస్తువులను తానే దాచి, తన మనిషినే పోగొట్టుకున్న ఉదంతమూ ఉంది. 1948 జనవరి 7న కెంటకీలో ఆకాశంలో కనిపించిన పెద్ద తెల్లని వస్తువును వెంటాడుతూ కెప్టెన్ థామస్ మాంటెల్ ప్రాణవాయువు పరికరం లేకుండా ఇరవై వేల అడుగుల పైకి వెళ్లి, స్పృహ తప్పి, విమానం కూలి చనిపోయాడు. వైమానిక దళం మొదట శుక్రగ్రహమని చెప్పింది. ఆయన వెంటాడినది నౌకాదళపు స్కైహుక్ బెలూన్ అయి ఉండాలన్నది తరువాత బలపడిన వివరణ. అప్పట్లో ఆ పథకం రహస్యం కాబట్టి దర్యాప్తు చేసినవారికే దాని సంగతి తెలియదు. అరవై వేల అడుగులు దాటి ఎగిరే యూ-2 గూఢచారి విమానాలు 1955 నుంచి రంగంలోకి దిగాక, సూర్యాస్తమయం తరువాత కింద చీకటి పడినా పైన ఎండ తగిలి మెరిసే ఆ విమానాలను చూసి నివేదికలు రాసినవారున్నారు. ఆ కాలపు నివేదికల్లో సగానికి పైగా ఈ విమానాల వల్లనేనని 1997లో సీఐఏ పత్రికలో చరిత్రకారుడు జెరాల్డ్ హెయిన్స్ రాశారు. ఆ వాటా మీద గట్టి అభ్యంతరాలు ఉన్నాయి, కాబట్టి దాన్ని నా వాదనకు ఆసరాగా తీసుకోను. విమానాలను దాచిన మాట మాత్రం కాదనలేనిది.

ఎత్తున ఎగిరే బెలూన్ కింది నుంచి ఎంత వింతగా కనిపిస్తుందో మనవారికి తెలుసు. 2022 డిసెంబరు 7న హైదరాబాద్ ఆకాశంలో కదలకుండా నిలిచినట్టు కనిపించిన తెల్లని వస్తువును చూసి నగరమంతా చర్చించుకుంది. అదే రోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుండ్రటి పరికరం దిగితే చుట్టుపక్కల ఊళ్ల జనం గుమిగూడారు. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి, స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ సంస్థ ప్రయోగం కోసం వదిలిన బెలూన్, దాని కింద వేలాడదీసిన క్యాప్సూల్ నమూనా అని తేలింది. ఆ ప్రయోగం రహస్యం కాదు కాబట్టి కథ అదే రోజు ముగిసింది. అది సైనిక రహస్యమైతే ఎన్నేళ్లు నడిచేదో ఊహించుకోవచ్చు.

వీడియోల విషయానికి వద్దాం. పెంటగాన్ 2020 ఏప్రిల్ 27న విడుదల చేసిన మూడు వీడియోలు అప్పటికే బయటకు పొక్కినవి. అవి నౌకాదళం తీసినవేనా అన్న సందేహం తీర్చడానికి విడుదల చేస్తున్నామని, అందులోని వస్తువులు గుర్తించలేనివిగానే ఉన్నాయని ఆ ప్రకటన చెప్పింది. వీడియో అసలైనదని ధ్రువీకరించడం వేరు, అందులోనిది ఫలానా అని చెప్పడం వేరు.

వాటిలో ‘గోఫాస్ట్’ అనే పేరున్న 2015 నాటి దృశ్యంలో సముద్రం మీద ఒక తెల్లని చుక్క అతివేగంగా దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. దాని వేగాన్ని పాఠకులే కొంతవరకు లెక్కగట్టుకోవచ్చు, ఎందుకంటే కావలసిన అంకెలు ఆ తెర మీదనే ఉన్నాయి. విమానం ఎత్తు 25,000 అడుగులు. కెమెరా చుక్కను పట్టుకున్న క్షణాన కిందికి వంగిన కోణం 26 డిగ్రీలు, వస్తువుకు దూరం 4.4 నాటికల్ మైళ్లు. పదో తరగతి త్రికోణమితి చాలు. 26 డిగ్రీల సైన్ విలువ దాదాపు 0.44; దాన్ని 4.4తో హెచ్చిస్తే విమానం నుంచి వస్తువు 1.93 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 11,700 అడుగులు కిందికి ఉన్నట్టు. 25,000లో అది తీసేస్తే వస్తువు ఉన్నది 13,000 అడుగుల పైచిలుకు ఎత్తులో. అలల మీద కాదు. రైలు కిటికీలోంచి చూసేటప్పుడు దగ్గరి చెట్టు దూరపు కొండ మీదుగా పరిగెత్తినట్టు కనిపించినట్టే, వేగంగా పోతున్న విమానం నుంచి చూస్తే మధ్య ఎత్తులో ఉన్న వస్తువు సముద్రం మీద దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. డేవిడ్ స్పెర్గెల్ అధ్యక్షతన నాసా నియమించిన స్వతంత్ర బృందం 2023 సెప్టెంబరులో ఇదే లెక్క చేసి, సగటు వేగం గంటకు 40 మైళ్ల దగ్గర ఉంటుందనీ, ఆ ఎత్తులో వీచే గాలి వేగానికి అది సరిపోతుందనీ చెప్పింది.

2004 నవంబరులో నిమిట్జ్ విమానవాహక నౌక బృందంలోని పైలట్ కమాండర్ డేవిడ్ ఫ్రేవర్ కళ్లారా చూశానని చెప్పిన దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆయన అనుభవజ్ఞుడైన పైలట్. అయితే ఆ సంఘటన పేరుతో తిరిగే వీడియో ఆయన విమానం తీసినది కాదు, తరువాత బయలుదేరిన మరో విమానం తీసినది. ఆయన చెప్పిన విన్యాసాలేవీ అందులో కనిపించవు. సాక్ష్యాన్నీ వీడియోనూ ఒకటిగా కలిపి చూపించడం పొరపాటు.

ప్రమాణపూర్వక సాక్ష్యం గురించి. 2023 జూలై 26న మాజీ గూఢచార అధికారి డేవిడ్ గ్రష్ అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు, కూలిన వాహనాలను సేకరించి విడదీసి చూసే రహస్య కార్యక్రమం ఉందనీ, మానవేతర జీవ పదార్థం దొరికిందనీ చెప్పారు. నలభై మందికి పైగా వ్యక్తులతో మాట్లాడి తెలుసుకున్నానని కూడా అదే చోట చెప్పారు. తాను స్వయంగా వాహనాన్ని చూశానని ఆయన అనలేదు. తనకు ఇతరులు అలా చెప్పారన్నది ఆయన ప్రమాణం చేసి చెప్పిన విషయం. వారు చెప్పినది నిజమన్నదానికి ఆ ప్రమాణం పూచీ పడదు. ఇటువంటి ఆరోపణలను పరిశీలించిన ‘ఆరో’ (AARO) అనే పెంటగాన్ విభాగం 2024 మార్చి 8న వెలువరించిన చారిత్రక నివేదికలో, పేర్కొన్న కార్యక్రమాల్లో కొన్ని వేరే పనుల కోసం నడిచిన నిజమైన రహస్య కార్యక్రమాలనీ, ‘కోనా బ్లూ’ అనే కార్యక్రమం ప్రతిపాదన దశలోనే తిరస్కరణకు గురైందనీ, కొద్దిమంది ఒకరి నుంచి ఒకరు విన్నదే చుట్టూ తిరిగి సాక్ష్యంగా మారిందనీ రాసింది. 1940ల నాటి కూలిన వాహనానిదని చెప్పుకున్న లోహపు ముక్కను ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షిస్తే, భూమి మీద తయారైన మెగ్నీషియం మిశ్రలోహమని తేలింది.

పెంటగాన్ తన మీద తానే తీర్పు ఇచ్చుకుంటే ఎలా ఒప్పుకుంటామన్న అభ్యంతరం సహేతుకమే. అందుకే నేను ఆ విభాగం మాట కన్నా ఆ లోహపు ముక్క మీద ఎక్కువ ఆధారపడతాను. డెబ్బై ఏళ్లకు పైగా వినిపిస్తున్న కథల్లో చేత్తో పట్టుకుని పరీక్షించగలిగిన వస్తువు ప్రయోగశాల దాకా వచ్చినప్పుడు, అది మన భూమిదే అయింది.

చివరిగా, ఏమీ లేనప్పుడు సైన్యాలు ఇంకా ఎందుకు దర్యాప్తు చేస్తున్నాయన్న ప్రశ్న. తన గగనతలంలో ఎగిరేది ఏమిటో తెలియకపోవడం ఏ సైన్యానికైనా సమస్యే. 2023 ఫిబ్రవరి 4న అమెరికా తన తూర్పు తీరంలో కూల్చిన చైనా బెలూన్ అందుకు ఉదాహరణ. 2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం మీద గుర్తుతెలియని వస్తువు కనిపించిందనగానే మన వైమానిక దళం రాఫెల్ యుద్ధవిమానాలను పంపి వెతికించింది, ఏమీ దొరకలేదు. డ్రోన్ల కాలంలో ఆ జాగ్రత్త అవసరం. ‘ఆరో’ విభాగం 2024 నవంబరులో ఇచ్చిన వార్షిక నివేదికలో 757 కొత్త నివేదికలుంటే, తగిన సమాచారం లేక పక్కన పెట్టినవి 444, లోతుగా చూడవలసినవి 21.

మన దేశంలో ఇటువంటి దర్యాప్తు సక్రమంగా ముగిసిన సందర్భం లద్దాఖ్‌లో ఉంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు పాంగాంగ్ సరస్సు ప్రాంతంలోని మన జవాన్లు వెలుగుతూ కదిలే వస్తువులను 329 సార్లు చూసినట్టు నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని, చైనా డ్రోన్లు కావచ్చని సైన్యం అనుమానించింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ సాయం కోరితే, ఆ శాస్త్రవేత్తలు వస్తువుల కదలికను నక్షత్రాల కదలికతో పోల్చి చూశారు. సాయంత్రం కనిపించేది గురుగ్రహమనీ, తెల్లవారుజామున కనిపించేది శుక్రగ్రహమనీ తేల్చారు. జవాన్లు చూసినది నిజంగానే ఉంది, పైగా అది భూమి మీదిది కాదు కూడా. ఎప్పుడు, ఏ దిక్కున కనిపించిందో వారు రాసిపెట్టబట్టే అది ఏ గ్రహమో పేరుతో సహా చెప్పగలిగారు.